ఇంటి పెరటి కోళ్ళు: జాతుల యెన్నిక

(వార్షిక మహాసభ రెండవదినమున చేసిన యుపన్యాసము)



మన మహాసభలలో విద్యనుగూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు అనేక పర్యాయములు ప్రసంగించి యున్నారు. నేడు నాకు నియమింపబడిన విషయము కోళ్ళు. కార్యక్రమపత్రికలో ఈ మాట చూచి కొందఱు మిత్రులు నవ్విరి. వారి నవ్వునకు నేను నొచ్చుకొనలేదు. కాని రేపటి కార్యవర్గసమావేశమున, మనలో పేదలైన కుటుంబములకు కోళ్ళను పంచు తీర్మానము చర్చకు రానున్నది. అందులకై మన నిధినుండి సొమ్ము వ్యయము కానున్నది. అంతకంటె ముఖ్యమైన దేమనగా, మన మాట నమ్మి కొందఱు తమ పెరళ్ళలో గూళ్ళు కట్టుకొననున్నారు. ఏ కోడి నియ్యవలెనో యెఱుగక యిచ్చినచో దానము పుచ్చుకొన్నవానికి భారమగును. ఆ సంగతి నేను కన్నులార చూచితిని గనుకనే మీ యెదుట నిలిచితిని.

నేను పశువైద్యుడను గాను, పండితుడను గాను. జూబిలీహిల్స్‌లో నా యింటివెనుక కొన్ని కోళ్ళను పెంచుచు, తప్పులు చేయుచు, దిద్దుకొనుచు వచ్చినవాడను మాత్రమే. కావున మొదట నా తప్పులే చెప్పెదను.

నా మొదటి గుంపు

మన మిప్పుడు కూడియున్న యీ ప్రదేశము ఒకప్పుడు నల్లఱాళ్ళును, ముండ్లపొదలును నిండిన గుట్టలు. చలనచిత్ర పరిశ్రమ చెన్నపట్టణమునుండి క్రమముగా నిటకు తరలివచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. తరువాత ఫిల్మ్‌నగర్ వెలసినది. నేడు గుట్టమీద మేడలును, గుట్టవాలున ఇఱుకు ఇండ్లును ఒకదాని నొకటి చూచుచు నున్నవి. తెరమీద కనబడువారు మేడలలో నున్నారు. దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, గుంపుదృశ్యములలో నిలుచువారు వాలున నున్నారు. మన సంఘమువారు ఉభయత్రా కలరు.

నేను కోళ్ళను పెంపదలచిన సంవత్సరమున, సంతకుపోయి కంటికి నచ్చినవాని నెల్ల కొంటిని. తెల్ల లెగ్‌హార్న్ పెట్టలు నాలుగు, నల్లని కడక్‌నాథ్ జత యొకటి, ఈకలు కాళ్ళదాక వ్రేలాడు బ్రహ్మ జాతి పెట్టలు రెండు, నిలువెత్తు అసీలు పుంజు ఒకటి, దానికి తోడు మూడు పెట్టలు. చూచుటకు అంగడిబొమ్మల కొలువువలె నుండెను. వచ్చిన బంధువులందఱు మెచ్చుకొనిరి.

మూడవవారమున అసీలు పుంజు కడక్‌నాథ్ పుంజును మూలకు త్రోసి కన్ను పొడిచెను. మిగిలిన కోళ్ళు తినిన తరువాతగాని కడక్‌నాథ్ పెట్ట మేతదరికి రాదాయెను. ఏప్రిలు నెల ముగియునప్పటికి బ్రహ్మ పెట్టలు నోరు తెఱచి రొప్పసాగెను; మే నెల యెండలకు ఒకటి చనిపోయెను. తెల్ల పెట్టలలో రెంటిని ముంగిస యెత్తుకొనిపోయెను. తెల్లని యీకలు పొదల నడుమ దూరమునుండియే కనబడును గదా! పిమ్మట నొకనాడు సంతనుండి మఱి రెండు పెట్టలను తెచ్చి నేరుగా గుంపులో విడిచితిని. వారము దిరుగకుండ ఆకుపచ్చని విరేచనములును, మెడ వంకరయు కనబడెను. అది మనవారు కొక్కెర రోగమనునది. నెల ముగియునప్పటికి మూడు కోళ్ళు మిగిలెను.

గుట్టవాలున నున్న మన సంఘస్త్రీ యొకామె మా యింటికి అప్పుడప్పుడు గుడ్లు తెచ్చి యిచ్చుచుండెను. ఆమె భర్త చిత్రీకరణలలో దీపములవద్ద పనిచేసి కాలధర్మము నొందినవాడు. ఆమె నా ఖాళీ గూటిని చూచి, "సారూ, మీరు కోళ్ళు కొనలే, రంగులు కొన్నరు" అనెను. ఇంతకంటె సూక్ష్మముగా నా తప్పును ఎవరును చెప్పలేదు. నేను తరువాత నేర్చుకొనిన దంతయు ఆ యొక్కమాటకు వ్యాఖ్యానమే.

రంగు వేఱు, జాతి వేఱు

మన తెలుగుదేశమున కోడిని రంగునుబట్టి పిలుచుట పురాతనాచారము. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎఱ్ఱనిది డేగ, పలురంగుల మెఱుపు గలది నెమలి. కుక్కుటశాస్త్ర మను పేరుతో ఈ రంగులకును, తిథులకును, దిక్కులకును ముడివెట్టిన గ్రంథమే మనకు కలదు. పలనాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుల కోడిపోరును వినని తెలుగువాడు లేడు. కాని ఇవి రంగుల పేళ్ళేగాని జాతుల పేళ్ళు కావు. ఒకే తల్లి గుడ్లనుండి కాకియు, డేగయు, నెమలియు పుట్టవచ్చును. రంగును జూచినచో కోడి యెన్ని గుడ్లు పెట్టునో, పొదుగునో పొదుగదో, యెండకు తాళునో తాళదో యేమియు తెలియదు.

ఇక కోడిపందెములమాట. జంతువులను పోరునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టమునుబట్టి నేరము. సంక్రాంతి పేరిట గోదావరితీరమున నెంత సంరంభము జరిగినను చట్టము చట్టమే. మన సంఘము పంచు కోళ్ళు పందెములకు పోగూడదని దానపత్రములోనే వ్రాయవలెనని నా మనవి.

కోడి పుట్టినిల్లు మన ఆసియాఖండమే. ఎఱ్ఱ అడవికోడియే మన యింటికోళ్ళకు మూలపురుషుడని డార్విన్ పండితుడు 19వ శతాబ్దిలోనే చెప్పెను. కాని 2008లో వెలువడిన పరిశోధనమువలన నొక వింత తెలిసినది. కోళ్ళ చర్మమునకును, కాళ్ళకును పసుపువన్నె నిచ్చు గుణము ఎఱ్ఱ అడవికోడినుండి గాక, మన దక్షిణదేశపు అడవులలో తిరుగు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదట! లోకమందలి పసుపుకాళ్ళ కోళ్ళన్నిటిలోను దక్షిణాపథపు రక్తబిందు వొకటి కలదన్నమాట. మిశ్రమ మనునది కోడికి క్రొత్త గాదు.

ఏ కోడి ఏమి చేయును?

నాటుకోళ్ళను మొదట చెప్పెదను. సామాన్యపు నాటుపెట్ట సంవత్సరమునకు 50 లేక 60 గుడ్లు పెట్టును. ఇది స్వల్పమే. కాని ఆమె పొదుగును. 10, 12 గుడ్లమీద 21 దినములు కూర్చుండి, పిల్లలను రెక్కలక్రింద దాచుకొని, గ్రద్ద నీడ పడినంతనే కూతవేసి పొదలలోనికి చేర్చును. చెదలు, పురుగులు, నూకలు ఏఱుకొని తినును. విద్యుచ్ఛక్తి లేని యింట ఆమెయే పొదుగు యంత్రము, ఆమెయే దాది.

అసీలు మన గర్వకారణమైన దేశీయజాతి. ఆంధ్రదేశము, ఛత్తీస్‌గఢ్, ఒడిస్సా దీని నెలవులు. అసీలు అను మాటకు అరబ్బీభాషలో స్వచ్ఛమైనదని యర్థము. పుంజు 4 కిలోలకు పైగా తూగును. పెట్ట 3 కిలోలవఱకు పెరుగును. మాంసము గట్టిది, రుచికరమైనది. పెట్ట మంచి తల్లి. కాని గుడ్లు తక్కువ, కలహశీలము హెచ్చు. ఇఱుకుచోట రెండు పుంజులను ఉంచుట నిప్పును దూదిని కలిపి యుంచుటయే. చిత్తూరు ప్రాంతపు కాళాస్తి జాతియు, ఆంధ్ర కర్ణాటకముల సరిహద్దున కనబడు ఘాగస్ జాతియు దేశీయజాతుల పట్టికలో చేరినవే.

కడక్‌నాథ్ మధ్యప్రదేశములోని ఝాబువా ప్రాంతపు గిరిజనుల కోడి. 2018లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈకలు, చర్మము, మాంసము, ఎముకలపై పొర సయితము నల్లన. గుడ్డు మాత్రము నల్లనిది కాదు, లేత గోధుమవన్నెది. నల్లగుడ్డని చెప్పి యెవరైన అమ్మినచో కొనవలదు. ఇది చిన్నకోడి, పుంజు 2 కిలోలలోపే తూగును. సంవత్సరమునకు నూఱులోపు గుడ్లు పెట్టును. పొదుగుటయం దంతగా నేర్పు లేదు. విక్రయము కుదిరినచో మంచి వెల వచ్చును. కుదరనిచో మేత ఖర్చే మిగులును. మొదటిసారి కోళ్ళు పెంచువారికి దీని నిచ్చుట తగదు.

తెల్ల లెగ్‌హార్న్ ఇటలీదేశపు మూలము గలది. దీని సంతతివారే నేటి పెద్ద కోళ్ళశాలలలో సంవత్సరమునకు 300కు మించిన తెల్లగుడ్లు పెట్టుచున్నారు. బండా వాసుదేవరావుగారు 1971లో హైదరాబాదున వేంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిన పిమ్మటను, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘ మేర్పడిన పిమ్మటను మన దేశమున గుడ్ల పరిశ్రమ యెట్లు వృద్ధినొందినదో మీ రెఱుగుదురు. కాని ఆ కోడి ఆ శాలకై పుట్టినది. తూకము వేసిన మేత, వేళకు వెలుగు, వేళకు టీకా ఉండినగాని ఆ లెక్క రాదు. పెరటిలో నది బెదరును, పొదుగదు, తెల్లగా నుండుటచే శత్రువుల కంటబడును.

రోడ్ ఐలాండ్ రెడ్ అమెరికాదేశపు ఎఱ్ఱకోడి. ఆస్ట్రలార్ప్ ఆస్ట్రేలియాదేశపు నల్లకోడి. రెండును గోధుమవన్నె గుడ్లు పెట్టును, రెండును నెమ్మదైనవి, గుడ్లకును మాంసమునకును పనికివచ్చును. మన మిశ్రమజాతులను రూపొందించుటకు శాస్త్రజ్ఞులు వీనిని అనేకచోట్ల వాడిరి. బ్రహ్మ, కొచ్చిన్ మొదలగు కాళ్ళకు ఈకలుగల బరువుజాతులు చలిదేశములకు సొగసే గాని, మే నెలలో 40 డిగ్రీలు దాటు మన యూరికి కావు. నా తప్పును మీరు చేయవలదు.

రాజేంద్రనగరపు కోళ్ళు

మన భాగ్యవశమున ఈ విషయమై పరిశోధనాలయము మన యూరనే కలదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలివారు 1988లో రాజేంద్రనగరమున స్థాపించిన సంస్థ నేడు కుక్కుట పరిశోధన సంచాలకాలయమని పిలువబడుచున్నది. పెద్దశాలల కోడి పెరటికి పనికిరాదనియు, నాటుకోడి గుడ్లు చాలవనియు గ్రహించి, ఆ రెంటికి నడుమనుండు కోళ్ళను వారు రూపొందించిరి.

వానిలో మొదటిది వనరాజా. రంగురంగుల యీకలు, పొడవైన కాళ్ళు, గోధుమవన్నె గుడ్లు. పెరటిపెంపకమున సంవత్సరమునకు 100 నుండి 110 గుడ్లు పెట్టును. పుంజులు మాంసమునకు త్వరగా నెదుగును. రెండవది గ్రామప్రియ. ఇది గుడ్లకై ముఖ్యముగా నుద్దేశింపబడినది. 160 నుండి 180 గుడ్లు పెట్టును. శ్రీనిధి యను మఱియొకటి కలదు. అసీలు జాతినుండియే యెన్నిక చేసి వనశ్రీ యను కోడిని సయితము వారు వృద్ధిచేసిరి. రాజేంద్రనగరములోని పశువైద్య విశ్వవిద్యాలయమువారి రాజశ్రీయు పెరటికోడియే. బెంగుళూరునందలి గిరిరాజ యీ కోవలోనిదే.

ఈ కోళ్ళను గూర్చి మూడు హెచ్చరికలు చెప్పవలసి యున్నవి. మొదటిది: ఇవి సామాన్యముగా పొదుగవు. రెండవది: ఇవి మిశ్రమసంతతి గనుక, వీని గుడ్లను పొదిగించినచో పుట్టిన పిల్లలకు తల్లి గుణములు పూర్తిగా రావు. రెండుమూడు తరములలో గుడ్ల సంఖ్య దిగజాఱును. కావున గుడ్లకై పెంచు కోళ్ళను మరల సంస్థనుండియో నమ్మకమైన పిల్లల కేంద్రమునుండియో తెచ్చుకొనవలెను. మూడవది: వనరాజాకు మేత మితిమీఱినచో క్రొవ్వెక్కి గుడ్లు మానును. ప్రేమతో ఎక్కువ పెట్టుట యిచ్చట అపకారము.

ఒక్క జాతి యేల చాలదు?

ఇంతవఱకు విన్నవారు, "గ్రామప్రియ ఒక్కటే ఇచ్చినచో సరిపోవును గదా, మిశ్రమ మేల?" అని యడుగవచ్చును. చలనచిత్రమునందు నాయకు డొక్కడే యుండిన కథ నడువదు. గుడ్లు పెట్టున దొకటి, పొదుగున దొకటి, కూరకు వచ్చున దొకటి యుండినగాని పేదవాని పెరటికథ సంవత్సరము చివఱవఱకు నడువదు.

ఒక యుదాహరణము తీసికొందము. 5 గ్రామప్రియ పెట్టలు, 3 నాటుపెట్టలు, 1 నాటుపుంజు గల గుంపును తలపుడు. గ్రామప్రియ పెట్ట యొక్కటికి 160 చొప్పున 800 గుడ్లు, నాటుపెట్ట యొక్కటికి 60 చొప్పున 180 గుడ్లు, వెరసి 980. దినమునకు సుమారు రెండున్నరకు మించి గుడ్లు. నాటుపెట్టలు పెట్టిన గుడ్లలో 36 పొదిగించినచో, నాటుపిల్లలు నాటుపిల్లలుగనే యెదుగును. కూరకు, విక్రయమునకు వచ్చును. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. ఎదుగు బిడ్డల యింట ఇది చిన్నలాభము కాదు.

అయితే యీ గుంపులో నొక చిక్కున్నది. పుంజు ఒక్కటే గనుక గ్రామప్రియ గుడ్లును ఫలవంతములగును. వానిని నాటుపెట్టక్రింద పెట్టినచో మిశ్రమపిల్లలు పుట్టును. కూరకైనచో బాధ లేదు. గుంపును నిలుపుకొనుటకైనచో నాటుగుడ్లనే గుర్తుపెట్టి పొదిగింపవలెను. బొగ్గుతో గుడ్డుమీద తేదీ వ్రాసికొనుట మంచి యలవాటు.

మేతమాటయు మఱవరాదు. ఎదిగిన కోడి దినమునకు సుమారు 100 నుండి 120 గ్రాములు తినును. తొమ్మిది కోళ్ళకు దినమునకు సుమారు కిలో మేత కావలెను. విశాలమైన దొడ్డి యున్న పల్లెలో సగము దొడ్డియే యిచ్చును. ఫిల్మ్‌నగర్ వాలున నున్న ఇఱుకుసందులో దొడ్డి యేమియు నీయదు. కావున పల్లెలోనివానికిని పట్నమువానికిని ఒకే గుంపు పంచరాదు. గుడ్డు పెట్టు పెట్టకు గుల్లసున్నపు పొడియో, నత్తగుల్లల పొడియో వేఱుగా నొక చిప్పలో నుంచవలెను. లేనిచో గుడ్డుపెంకు పలుచనగును.

కలిపి పెంచుటలోని మర్యాదలు

కోళ్ళలో హెచ్చుతగ్గుల వరుస యున్నదని 1921వ సంవత్సర ప్రాంతమున నార్వేదేశీయుడగు షెల్డెరప్ ఎబ్బె పరిశీలించి వ్రాసెను. ఏ కోడి యే కోడిని పొడువవచ్చునో గుంపులో నిర్ణయమై యుండును. క్రొత్తకోడి వచ్చినప్పుడెల్ల ఆ వరుస చెడి మరల యుద్ధము జరుగును. అందువలన కొన్ని నియమములు పాటింపవలెను.

ఒంటరికోడిని గుంపులోనికి తేవలదు. రెండుమూడింటిని కలిపి తేవలెను. వయస్సులోను బరువులోను మిక్కిలి భేదమున్న కోళ్ళను కలుపవలదు. క్రొత్తవానిని కనీసము మూడువారములు, వీలైనచో నెల, వేఱుగ నుంచి రోగము లేదని తెలిసిన పిమ్మట వలచాటున కొన్నాళ్ళు చూపించి, సాయంకాలమున గూటిలో చేర్చవలెను. మేతతొట్లును నీటిచిప్పలును రెండుమూడు చోట్ల నుంచినచో బెదరుకోడికిని తిండి దక్కును. 8 నుండి 10 పెట్టలకు ఒక పుంజు చాలును. అసీలు పుంజును కడక్‌నాథ్ వంటి చిన్నకోళ్ళతో కలుపవలదు. గూటిలో కోడికి 2 చదరపు అడుగులైన నుండవలెను. బయట తిరుగుచోటు అంతకు నాలుగైదు రెట్లు కావలెను.

పుంజు లేనిదే గుడ్లు రావను భ్రమ మనలో కొందఱి కింకను కలదు. పుంజు లేకున్నను పెట్ట గుడ్డు పెట్టును. ఆ గుడ్డు పొదుగుటకు మాత్రమే పనికిరాదు. కావున జూబిలీహిల్స్ వంటి చోట్ల పుంజును విడిచిపెట్టుట లెస్స. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనమునుండి తెల్లవారుజామున వినవచ్చు నెమళ్ళ యరపును మా యిరుగుపొరుగువారు సంగీతమని మెచ్చుకొందురు. నా పుంజు కూతకు మాత్రము వాకిట నిలిచి నన్ను పిలిచిరి. వాదింపక పుంజును పల్లెలోని బంధువునకు ఇచ్చివేసితిని. పెట్టలు గుడ్లు మానలేదు. పొరుగువారితో స్నేహమును మిగిలినది.

రోగము ముందు, వైద్యము వెనుక

ఏ జాతిని ఎన్నుకొన్నను టీకాలు వేయింపనిచో నా మొదటి గుంపు గతియే పట్టును. కొక్కెర రోగమునకు కుమావూ కొండలలోని రాణీఖేత్ పట్టణము పేరిట రాణీఖేత్ రోగమను పేరు కలదు. పట్టిన పిమ్మట దీనికి మందు లేదు. ముందుగా టీకా యొక్కటే రక్ష. పుట్టిననాడే మారెక్స్ రోగపు టీకా. మొదటివారమున కంటిలోనో ముక్కులోనో లసోటా చుక్క. రెండవవారమున గంబోరో టీకా. నాలుగైదు వారములకు మరల లసోటా. ఆఱవవారప్రాంతమున మశూచి టీకా. ఎనిమిదవవారమున రాణీఖేత్‌కు సూదిమందు. తరువాత పశువైద్యుని సలహా ననుసరించి యేటేట వేయింపవలెను. నాటుకోడికి రోగము రాదనుట వట్టిమాట. దానికి ఓర్పు హెచ్చుగాని అభేద్యమైన కవచము లేదు.

పక్షిజ్వరమును గూర్చియు జాగ్రత్త వలయును. 2006లో మహారాష్ట్రములోని నవాపురమున మన దేశమున మొదటిసారి కోళ్ళలో కనబడినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళ నష్టము చూచితిమి. కోళ్ళు ఒక్కసారిగా చనిపోయినచో వానిని కోసి తినుటయు, అమ్ముటయు, కాలువలో పాఱవేయుటయు మహాపరాధము. వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను.

దానమును గూర్చిన మనవి

కొన్ని సంవత్సరములక్రిందట మనలో నొక దాత, ఉదారముగా, కొన్ని కుటుంబములకు ఒక్కదినపు పిల్లలను పంచిరి. పిల్లలు బంగారుముద్దలవలె నుండెను, ఛాయాచిత్రములు తీయబడెను. కాని ఒక్కదినపు పిల్లకు మొదటి మూడునాలుగు వారములు వెచ్చదనము కావలెను. తల్లి లేదు, దీపమునకు తగిన విద్యుత్తు లేదు. అవి వచ్చినది చలికాలమున. ఒక యింట నలువది పిల్లలలో నాలుగు మిగిలెను. ఆ యింటి బాలిక చనిపోయిన పిల్లలను పెరటిలో వరుసగా పాతిపెట్టి, మిగిలిన నాలుగింటిని గంపక్రింద తన పాతచీరపేలికలతో కప్పి కూర్చుండెను. నేను పోయినప్పుడు, "నేనే సరిగా చూసుకోలేదు" అని కన్నీరు పెట్టుకొనెను. తప్పు ఆమెది కాదు. ఏమి యియ్యవలెనో యెఱుగక యిచ్చిన మనది. తీసికొన్నవారు తమ్ము తామే నిందించుకొనునట్లు చేయు దానము దానము కాదు.

కావున కార్యవర్గమువారికి నా సూచనలు ఇవి.

ఒక్కదినపు పిల్లలను ఎవరికిని పంచవలదు. ఆఱువారములు వెచ్చగా పెంచి, టీకాలు ముగించిన పిల్లలనే యియ్యవలెను. ఆ యాఱువారముల పెంపకమును మనలోనే నేర్పుగల రెండుమూడు కుటుంబములకు కూలియిచ్చి యప్పగింపవచ్చును. దానము కొందఱికి జీవనోపాధియు నగును.

దొడ్డి యున్న పల్లెకుటుంబమునకు 5 గ్రామప్రియ పెట్టలు, 3 నాటుపెట్టలు, 1 నాటుపుంజు. కూరకోళ్ళు విక్రయించు తలంపుగలవారికి గ్రామప్రియకు మాఱుగా వనరాజా. పట్నపు ఇఱుకుచోట 3, 4 గ్రామప్రియ పెట్టలు మాత్రమే, పుంజు వలదు. మేడలవారు ముచ్చటకు పెంచుకొనదలచినచో కడక్‌నాథ్ గాని, రోడ్ ఐలాండ్ రెడ్ గాని తమ సొమ్ముతో కొనవచ్చును. సంఘపు సొమ్ముతో ముచ్చటలు వలదు.

కోళ్ళతో కూడ గూటికి కావలసిన వల, ఒక నెల మేత, టీకాల చీటి యియ్యవలెను. ముంగిస, పిల్లి, కుక్క దూరని గూడు లేనియింటికి కోళ్ళకు ముందు గూటినే యియ్యవలెను. సంవత్సరము చివఱ ఎన్ని కోళ్ళు మిగిలెనో, ఎన్ని గుడ్లు వచ్చెనో లెక్క తీసికొని వచ్చు మహాసభలో చదువవలెను. ఛాయాచిత్రముకంటె ఆ లెక్కయే మన దాతలకు గౌరవము.

మొదట చెప్పిన విధవాసోదరి నేడును గుట్టవాలున నాలుగు ఎఱ్ఱపెట్టలను, రెండు నాటుపెట్టలను పెంచుచున్నది. నా గూటిలో నేడున్న పెట్టలను ఎన్నినది ఆమెయే. ఆమె యీ సభలో వెనుక వరుసలో కూర్చుండియున్నది. రేపు కోళ్ళ నెన్నుటకు నియమింపబడు ఉపసంఘములో పోషకులకంటె ముందుగా ఆమె పేరు వ్రాయవలెనని నేను ప్రతిపాదించుచున్నాను. మేడలలో నున్నవారము సొమ్ము నిత్తము. ఏ కోడిని కొనవలెనో వాలున నున్నవారు చెప్పుదురు. సంఘమనగా అదియే గదా!

నా మాటలలో పొరపాట్లున్నచో పెద్దలు సవరింతురుగాక.